ఆసుపత్రి మిట్ట

హనియాకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను పక్కన లేని సమయంలో కూతురికి ఊపిరి అందకపోవడం. మిగతా భయాలన్నీ దాని తర్వాతే. మొగుడు లార్బీ చేపల పడవెక్కి వారాల తరబడి సముద్రం మీద ఉండిపోయేవాడు. దానికి భయపడేది కాదు. పెద్ద మనిషి, ఈత వచ్చు, తోడు పదిమంది ఉంటారు అని సర్దుకునేది. కానీ పక్క గదిలో వియామ్ ఒక్కసారి దగ్గితే చాలు, చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ పడేసి పరిగెత్తేది. అలా ఆ ఇంట్లో ఎన్ని టీ గ్లాసులు పగిలాయో.

సముద్రం ఒడ్డు ఊరు లరాష్‌లో కాపురం ఉన్న రోజులవి. రేవుకి కాస్త పైన, పాత ఊళ్ళో, మెట్ల సందులో నీలం సున్నం కొట్టిన ఇల్లు. కింది వాటాలో ముసలావిడ లల్లా షామా, పై వాటాలో వీళ్ళు. కిటికీ తెరిస్తే సముద్రం, మూస్తే చెమ్మ. ఉతికిన బట్టలు రెండో రోజుకి కూడా ఆరేవి కావు. ఆ చెమ్మే పిల్ల గుండెల్లో చేరిందని హనియా నమ్మకం. డాక్టరు వేరే ఏదో పేరు చెప్పాడు. ఆరో తరగతిలోనే ఇంట్లోవాళ్ళు బడి మానిపించిన మనిషి, ఆ పేరు కాగితం మీద కూడబలుక్కుని చదివింది గాని నోరు తిరగలేదు. సందులో అందరికీ "ఊపిరి జబ్బు" అనే చెప్పేది.

ఆ జబ్బు మొదటిసారి గట్టిగా వచ్చింది చలికాలంలో, వానపడే ఒక సాయంత్రం. పిల్లకి నాలుగో ఏడు. ఛాతీలోంచి ఈల లాంటి చప్పుడు, ప్రతి ఊపిరికీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం. వానకి టాక్సీలు రేవు వైపు దిగలేదు. హనియా పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రి మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. సగం కూడా ఎక్కకుండానే తన ఊపిరే అయిపోయింది. మూసేసిన మంగలి కొట్టు అరుగు మీద కూలబడి, లేవాలని చూస్తే కాళ్ళు లేవలేదు. చేపల బండి తోసుకుంటూ పోతున్న ఒకాయన ఆగాడు. ఏమిటని అడగలేదు. ఖాళీ బుట్టలు ఒక పక్కకి నెట్టి, పిల్లని బండిలో పడుకోబెట్టి, మిట్ట మీదికి తోసుకుపోయాడు. ఆసుపత్రిలో మొహానికి గొట్టం పెట్టారు, పిల్ల తేరుకుంది. తలంటు పోసినా వియామ్ జుట్టుకి చేపల వాసన కొన్నాళ్ళు వదల్లేదు. ఆ వాసన తగిలినప్పుడల్లా హనియా మనసులో ఒకటే మాట. మోయాల్సింది నేను. నా కాళ్ళు మోయలేకపోయాయి.

ఆ రోజు నుంచి పిల్లని కళ్ళ ముందు నుంచి కదలనివ్వలేదు. అంగడికెళ్ళినా వెంటే, వేడినీళ్ళ స్నానానికి హమ్మాంకెళ్ళినా వెంటే. ఆసుపత్రిలో ఇచ్చిన ఊపిరి మందు పంపు, దాని గొట్టం హనియా మెడలో సంచిలో వేలాడుతూ ఉండేవి.

సందు మొగలో ముబారకా రొట్టెల కొట్టు. కొట్టంటే పెద్ద పెనం, దాని వెనక పెద్ద ముబారకా. పొరల రొట్టెలు, తూట్లు తూట్లుగా పొంగే రవ్వ అట్లు వేసేది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, సందులో పిల్లలందరికీ మొదటి అట్టు చిన్నది వేసి ఊరికే ఇచ్చేది. హనియా ఆవిడని పిన్నీ అని పిలిచేది. రంజాన్‌కి ముందు వారం ఒక పొద్దున, అట్టు తిరగేస్తూ ముబారకా అడిగింది.

"ఏమే, పేరిచ్చావా?"

"దేనికి పిన్నీ?"

"పరుగుకి. ఆడవాళ్ళ పరుగంట. పండగయ్యాక వచ్చే ఆదివారం. మొఖ్తార్ మాస్టారి సంఘం వాళ్ళు పెడుతున్నారు. నేను ఇచ్చేశాను."

హనియా ఆవిడని కింద నుంచి పైదాకా చూసింది. చూడకుండా ఉండాల్సింది.

"అలా కొలవకు. నా ముందు భాగం గీత దాటితే చాలు. వెనక భాగం తర్వాత తీరిగ్గా వస్తుంది."

"గెలిస్తే ఏమిస్తారంట?"

"గెలవడానికి కాదంట, సరదాకంట. అందరికీ ఒక చొక్కా, ఒక గ్లాసు నారింజ రసం. డాక్టరు కూడా అన్నాడు, ముబారకా, నీ మోకాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళని మోస్తున్నాయి, ఒకావిడని దించెయ్యి అని. ఎవర్ని దించాలో తెలియక ఇద్దర్నీ పరిగెత్తిద్దామని."

"నేను పాపని వదిలి రాను."

"వదలమని ఎవరన్నారు. నీ కొంగుకి కట్టుకునే రా."

"ఎక్కడి నుంచి ఎక్కడికి?"

"సముద్రం పిట్టగోడ దగ్గర మొదలు. అంగడి మీదుగా రేవుకి దిగి, అక్కడి నుంచి ఆసుపత్రి మిట్ట ఎక్కి, ఆసుపత్రి గేటు ముందు నుంచి చౌకు దాకా. మిట్ట ఎందుకయ్యా అంటే, దిగాక ఎక్కాలిగా అంటాడు మాస్టారు. మనమీద కసి ఆయనకి."

హనియా రొట్టెలు కాగితంలో చుట్టించుకుని ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే మాస్టారి ఇంటి తలుపు తట్టి పేరిచ్చింది. ఆవిడకి చొక్కా అక్కర్లేదు, రసం అక్కర్లేదు. ఆ మిట్ట కావాలి. మధ్యలో కూలబడకుండా ఆ గేటు దాకా తన కాళ్ళు వెళ్తాయా లేదా, అది తెలియాలి.

రంజాన్ వచ్చింది. ఆ ఊళ్ళో రంజాన్ నెల సాయంకాలాలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దు వాలుతుంటే ఇళ్ళన్నిట్లోంచి హరీరా సూపు కాగే వాసన, కొత్తిమీర, దాల్చినచెక్క కలిసి సందుల్లోకి దిగేది. ఆ వాసన భరించలేని వాళ్ళు, ఇంట్లో ఉంటే పోట్లాట పెట్టుకునేవాళ్ళు, గడియారం వైపు చూసి చూసి విసిగినవాళ్ళు అందరూ పిట్టగోడ దగ్గరికి వచ్చి పరిగెత్తేవాళ్ళు. నోరెండిపోయి, కడుపు వీపుకి అంటుకుపోయి ఉన్న ఆ ఆఖరి గంటలోనే ఊరంతా ఎందుకు పరిగెత్తేదో పైవాళ్ళకి అర్థం కాదు. పరిగెత్తిన వాళ్ళకి తెలుసు. ఆ గంట అలాగే గడుస్తుంది.

ఆడవాళ్ళ గుంపు చూడ్డానికి ఒక తీరుగా ఉండేది కాదు. ఎవరికి దొరికింది వాళ్ళు వేసుకొచ్చేవారు. పైజామా మీద పొడుగు అంగీ, జెల్లాబా, తొడుక్కుని, దాని అంచులు నడుముకి దోపుకునేవాళ్ళు కొందరు. హనియా అంతే. ముబారకా మాత్రం పోయిన మొగుడి ఆటల లాగు వేసుకొచ్చేది.

"పాపం, బతికుండగా ఆయన ఒక్కనాడూ పరిగెత్తలేదు," అనేది. "లాగుకైనా కోరిక తీరనీ."

మొదటి రోజు లల్లా షామా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని రాతి బెంచీ మీద కూర్చుంది. హనియా బెంచీ నుంచి దీపస్తంభం దాకా పరిగెత్తి, వెనక్కి తిరిగి, పిల్ల ఛాతీ వంక చూసి, మళ్ళీ దీపస్తంభం దాకా వెళ్ళింది. గుంపంతా తిన్నగా ముందుకి పోతుంటే ఈవిడ ఒక్కతే గుంజకి కట్టిన మేకలా అక్కడక్కడే.

"నీది పరుగు కాదే, కాపలా," అంది ముబారకా, పక్కనుంచి ఆయాసపడుతూ పోతూ.

"నా ఇష్టం పిన్నీ."

"నీ ఇష్టమేలే. పండగయ్యాక మాస్టారికి చెప్పి ఆ దీపస్తంభం చుట్టూ గీత గీయిస్తాను."

మర్నాడు దీపస్తంభం దాటి పొద్దుతిరుగుడు గింజలమ్మే బండి దాకా వెళ్ళింది. ఇంకో నాలుగు రోజులకి పాత ఫిరంగి దాకా. అక్కడ గోడ వంపు తిరుగుతుంది. వంపు దాటితే బెంచీ కనపడదు. ఆ వంపు దగ్గర హనియా చాలా రోజులు ఆగిపోయింది. కాళ్ళు ఇంకా పోతామన్నా మెడ వెనక్కి లాగేది.

ఇంటి దగ్గర మరో చదువు నడిచేది. లల్లా షామాకి పంపు వాడటం నేర్పడం. బట్టబొమ్మ ఒకటి పెట్టుకుని, దాని మూతికి గొట్టం ఆనించి, ముసలావిడ తనలో తను చెప్పుకునేది. "కదిపాను. గొట్టానికి పెట్టాను. నొక్కాను. ఆగాను."

"ఇంకాస్త ఆగాలి లల్లా. మందు లోపలికి పోవాలి."

"ఎంతసేపు?"

"పది ఊపిర్లు."

"బొమ్మ ఊపిరి తీయట్లేదు తల్లీ, లెక్క ఎలా?"

"మీవి లెక్కపెట్టుకోండి."

"నా ఊపిర్లు దేవుడు లెక్కపెడుతున్నాడులే," అని, అయినా పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. ఇంతమంది పిల్లల్ని పెంచాను, నువ్వు నాకు నేర్పుతావా అని ఒక్కనాడూ అనలేదు. హనియాకి ఇప్పటికీ ఆవిడ తలపుకొస్తే ముందు ఆ కదిలే పెదాలే గుర్తొస్తాయి.

పదిహేను ఉపవాసాలు దాటాక ఒక సాయంత్రం ముబారకా వెనక నుంచి వీపు మీద చెయ్యి పెట్టి తోసింది. హనియా వంపు దాటేసింది. అవతల సముద్రం వేరేగా ఉంది. రేవు గోడ, నది వచ్చి కలిసేచోట తెల్లటి నురగ, అవతలి గట్టు. వంద అడుగులు కూడా పోలేదేమో, తిరిగి బెంచీ దగ్గరికి వచ్చి పడింది. వియామ్ ఖర్జూరం గింజలు నేల మీద వరసగా పేర్చి, వాటికి బడి పెట్టింది.

"అమ్మొచ్చేసింది వియామ్," అంది హనియా.

"ఎక్కడికెళ్ళావు?" అంది పిల్ల, తలెత్తకుండానే.

ముబారకా నవ్వలేక గోడ పట్టుకుంది. హనియాకి కాస్త మనసు చివుక్కుమన్న మాట నిజం. ఆ రాత్రికి అదే ధైర్యంగా మారింది.

పరుగయ్యాక ఎవరూ వెంటనే ఇళ్ళకి వెళ్ళేవారు కాదు. పొద్దుగూకాక ఉపవాసం విడవమని పేల్చే ఫిరంగి మోత కోసం గోడ మీద వరసగా కూర్చునేవారు. ఖర్జూరాలు ఒకరి ఒడిలో, పాలు ఒకరి సీసాలో, ఫ్లాస్కులో సూపు. ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు, మోటారు చప్పుడు కూడా లేకుండా నిశ్శబ్దం. అప్పుడు మోత. మొదటి ఖర్జూరం నోట్లో కరగడం. ఆ తర్వాత ఎన్నో ఇఫ్తార్లు చేసింది, మంచి బల్లల మీద, మంచి పళ్ళేలతో. గోడ మీద కూర్చుని, చెమట ఆరుతుంటే, వేళ్ళకి ఉప్పుగాలి అంటుకుంటుంటే, ఒకే ఫ్లాస్కు మూతలో వంతులవారీగా తాగిన ఆ సూపు రుచి హనియాకి మళ్ళీ తగల్లేదు.

ముబారకా గోడ గడియారం సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ దేశంలో ఏడాది పొడుగునా గడియారాలు గంట ముందుకి ఉంటాయి. రంజాన్ నెలకి గంట వెనక్కి తిప్పుతారు, పండగయ్యాక ఒక ఆదివారం తెల్లవారుజామున మళ్ళీ ముందుకి తిప్పుతారు. ముబారకా తన గోడ గడియారాన్ని ఎన్నడూ తిప్పలేదు. "పిండికి ప్రభుత్వం తెలీదు, అది పులిసేవేళకే పులుస్తుంది," అనేది. మిగతా నెలల్లో ఎవరేం చెప్పినా మనసులో గంట కూడుకునేది, తీసేసుకునేది, ఎప్పుడూ తప్పేది కాదు. రంజాన్ వస్తే మాత్రం కొట్టు ముందు గర్వంగా నిలబడేది. "చూశారా, తిరిగి తిరిగి దేశమే నా గడియారం దగ్గరికొచ్చింది."

ఆ నెలంతా కూడిక లేదు, తీసివేత లేదు. ఆ సుఖానికి అలవాటుపడింది.

పండగ వచ్చింది, వెళ్ళింది. పరుగు తొమ్మిదికని మాస్టారు మరీ మరీ చెప్పాడు. అదే ఆదివారం గడియారాలు ముందుకి జరుగుతాయని కూడా చెప్పాడు. చెప్పేటప్పుడు ముబారకా బేరంలో ఉంది, హనియా పిల్ల మూతి తుడుస్తోంది. శనివారం సాయంత్రమే హనియా తన ఫోను లల్లా షామా చేతికిచ్చి, ముబారకా నంబరు ఎలా నొక్కాలో చూపించి, ఆవిడ దగ్గరే ఉంచేసింది. ముబారకాది పాత మీటల ఫోను, ఎవరన్నా తిప్పితే తప్ప దానంతటది గంట మార్చుకోదు.

"నువ్వు పడుకో. పిండి కలపడానికి నేను ఎలాగూ లేస్తాను. వచ్చి తలుపు తడతాను," అంది ముబారకా.

పొద్దున హనియా లేచేసరికి పిల్ల ఊపిరి మెత్తగా, చప్పుడు లేకుండా ఉంది. చెవి ఆనించి వింది, మళ్ళీ వింది. ముబారకా తలుపు తట్టింది. లల్లా షామా పైకొచ్చి కూర్చుంది. "పాపని రేవు దగ్గరికి తీసుకొస్తాను. మీరు పరిగెత్తుతూ వస్తుంటే చూపిస్తానని మాటిచ్చాను," అంది. హనియా సంచి సరిచూసింది. పంపు, గొట్టం, నీళ్ళు, శాలువ. గడప దాటింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే వెళ్ళలేదని తెలుసు.

పిట్టగోడ దగ్గరికి వెళ్ళేసరికి ఎవరూ లేరు. నేల మీద కాగితపు గ్లాసులు, నారింజ తొక్కలు. బ్యానరు ఒక వైపు విప్పేశారు, రెండో వైపు గాలికి కొట్టుకుంటోంది. మొఖ్తార్ మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నాడు.

"ఎక్కడికెళ్ళావు ముబారకా? నీ కోసం చూసి చూసి ఈల ఊదేశాం."

"తొమ్మిదన్నావుగా మాస్టారూ. ఇంకా తొమ్మిది కాలేదు."

"నీ గోడకి కాలేదు. దేశానికి పదవుతోంది."

ముబారకా వేళ్ళ మీద ఏదో కూడుకుంది. తీసేసింది. చివరికి నెత్తిన చెయ్యి పెట్టుకుని గోడ మీద కూర్చుంది.

"ఏడాదంతా తప్పని లెక్క," అంది. "ఒక్క నెల విశ్రాంతిచ్చాను బుర్రకి. మోసం చేసింది."

హనియాకి ముందు కలిగింది హాయి. ఇంక వెళ్ళిపోవచ్చు. పిల్ల దగ్గరికి వెళ్ళిపోవచ్చు. తప్పు తనది కాదు, ఎవరూ ఏమీ అనరు. ఆ హాయి మొహంలో కనపడిందేమో.

"దీని మొహం చూడు మాస్టారూ," అంది ముబారకా. "పంతులు రాలేదని తెలిసిన పిల్లలా వెలిగిపోతోంది."

"అదేం లేదు పిన్నీ."

"పరుగు పోయింది సరే. దారి ఎక్కడికీ పోలేదుగా. ఆ చొక్కాలు ఇటివ్వండి మాస్టారూ."

మిగిలినవి చిన్నపిల్లల కొలతవి. ముబారకా తన చొక్కాని తలకి చుట్టుకుంది. మాస్టారు నవ్వుతూనే, "వెళ్ళండి, చౌకులో నేను గీత పట్టుకుని ఉంటాను," అన్నాడు.

అలా ఇద్దరే బయల్దేరారు. పోలీసులు లేరు, తాళ్ళు లేవు, చప్పట్లు లేవు. అంగడి అప్పుడే నిండుతోంది. గాడిదబండ్ల మధ్య నుంచి, పుదీనా కట్టల గుట్టల మధ్య నుంచి ఇద్దరాడవాళ్ళు పరిగెత్తుకుంటూ పోతుంటే, టమాటాలవాడు, "దొంగ ఏం ఎత్తుకుపోయాడమ్మా?" అని అరిచాడు.

"గంట పోయింది, వెతుక్కుంటున్నాం," అంది ముబారకా, ఆగకుండా.

"నాదీ పోయింది, దొరికితే చెప్పు."

ఆ మాట అంగడంతా వాళ్ళ కన్నా ముందు పరిగెత్తింది. తర్వాతి కొట్లవాళ్ళు దారిచ్చి నిలబడ్డారు. ఆలివ్‌లమ్మే ఆవిడ గరిటెతో డబ్బా మీద కొట్టింది. హనియాకి నవ్వొచ్చింది. పరిగెత్తుతూ నవ్వడం అంతకుముందు ఎప్పుడూ తెలీదు. రేవు వైపు దిగుతుంటే కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. ఆ దిగుడు అయ్యేదాకా, చాలా కాలం తర్వాత, వియామ్ తన తలపులో లేదు.

మిట్ట మొదట్లో, చేపల అంగడి మూల, లల్లా షామా నిలబడి ఉంది. పిల్ల ఆవిడ నడికట్టు పట్టుకుని ఉంది. ఆ నిలబడ్డ తీరు చూడగానే హనియాకి అర్థమైంది.

"అందరూ పోయారు, నువ్వు రాలేదు," అంది లల్లా షామా. "అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపుకి ఈల మొదలైంది. పంపు పెట్టాను తల్లీ. కదిపాను, గొట్టానికి పెట్టాను, నొక్కాను, పది లెక్కపెట్టాను. రెండోసారి కూడా పెట్టాను. ఫోను చేస్తూనే ఉన్నాను, ఈవిడ ఎత్తలేదు."

ముబారకా రొమ్ముల మధ్య నుంచి, మోగకుండా అదిరే ఫోను తీసి చూసింది. "నా గుండె ఇంతలా అదురుతోందేమా అనుకున్నానే," అంది నీరసంగా.

హనియా మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల వీపుకి చెవి ఆనించింది. ఈల ఉంది. చలికాలం నాటంత లేదు, కానీ ఉంది. పెరుగుతోందో తగ్గుతోందో తెలీదు. పరుగు కోసం మూసిన దారి అప్పుడే తెరిచారు. మిట్ట పొడుగునా బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుపోయి హారన్లు కొడుతున్నాయి. ఒక్క టాక్సీ కదిలేలా లేదు.

ముబారకా సంచిలోంచి చారల శాలువ తీసి పట్టుకుంది. హనియా వంగింది. పిల్లని వీపుకి ఆనించి, శాలువ చుట్టి, ముందుకి తెచ్చి గట్టిగా ముడేసింది. నాలుగేళ్ళ పిల్ల, వీపు కట్టుకి పెద్దదే. కాళ్ళు కిందికి వేలాడాయి.

"పద," అంది ముబారకా.

మొదట్లో ఇద్దరూ పక్కపక్కనే ఎక్కారు. ఆగిపోయిన బండ్ల పక్కగా, గోడవారగా. మంగలి కొట్టు వచ్చింది, పోయింది. హనియా దాని వంక చూడలేదు, వీపు మీద చప్పుడే వింటోంది. పిల్ల ఛాతీ తన వెన్నుకి ఆని ఉంది. ప్రతి ఊపిరి తన ఎముకల్లోకి తెలుస్తోంది. కాసేపటికి పక్కన అడుగుల చప్పుడు ఆగింది. ముబారకా గోడకి ఒక చెయ్యి ఆన్చి, రెండో చెయ్యి పక్కటెముకల దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది.

"పిన్నీ?"

"పోవే. కొవ్వు పట్టింది, అంతే. నువ్వు ఆగితే నిన్ను తంతాను."

హనియా ఆగలేదు. గొంతు మండింది. తొడలు రాళ్ళయ్యాయి. ఒకచోట మోకాలు వంగబోయింది, గోడ పట్టుకుని నిలబెట్టుకుంది. పైకి పైకి పోతుంటే ఆ ఈల మోత పెద్దదవుతున్నట్టు అనిపించి, ఇంకా గట్టిగా అడుగులేసింది. గేటు కనపడింది. గేటు దగ్గరి కాపలాదారు చూసి, చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎదురొచ్చాడు. లోపల నర్సు శాలువ ముడి విప్పి, పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి, ఛాతీ మీద, వీపు మీద విని చూసింది. రెండోసారి కూడా విని, స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేసింది.

"పాపకి బాగానే ఉంది. ఊపిరి శుభ్రంగా ఆడుతోంది. పంపు సరిగ్గా పెట్టారు ఎవరో, అదే తగ్గించింది. ఆ చప్పుడు నీదమ్మా. ముందు నువ్వు కూర్చో."

అప్పుడు విని చూసుకుంది హనియా. నిజమే. ఆ గదిలో వినపడుతున్న ఈలంతా తనదే.

"అమ్మకి పంపు పెట్టండి," అంది వియామ్.

నర్సు నవ్వింది. హనియా నవ్వబోతే ఏడుపొచ్చింది. కుర్చీలో కూర్చుని, కాళ్ళ వంక చూసుకుంటూ, ఎవరూ ఓదార్చకుండా, కావలసినంతసేపు ఏడ్చింది.

ముబారకా తర్వాతెప్పుడో వచ్చింది. మొహం బూడిదలా ఉంది, పెదాల్లో రంగు లేదు. లల్లా షామా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. నర్సు ఆవిడ వంక అనుమానంగా చూసి, "మీరూ ఒకసారి చూపించుకోండి," అంది.

"నాకేం తల్లీ. నేనింకా గీత దాటలేదు. దాటాక వస్తాను."

దాటాక రాలేదు. చౌకులో మాస్టారు తాడు ఒక కొస కుర్చీకి కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని, అన్నమాట ప్రకారం నిలబడే ఉన్నాడు. నలుగురూ కలిసి, వియామ్ ముందు నడుస్తుంటే, తాడు దాటారు. నారింజ రసం అయిపోయిందని మాస్టారు నొచ్చుకుంటూ చెప్పాడు. ముబారకా కొట్టు తెరిచి అందరికీ వేడి అట్లు వేసి, వెన్న, తేనె రాసి పెట్టింది. పెనం ముందు కూర్చునే వేసింది. ఎప్పుడూ నిలబడి వేసే మనిషి.

ఆ ఎండాకాలం తర్వాత వియామ్‌ని బళ్ళో వేశారు. మొదటి వారం హనియా గేటు బయట కూర్చుంది. రెండో వారం పిట్టగోడ వంపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తర్వాత ఇంటికి వెళ్ళిపోయి వంట చేసుకోవడం నేర్చుకుంది. భయం పోయిందని కాదు. ఇప్పటికీ ఉంది. కానీ అడ్డం తొలిగి పక్కన నడుస్తోంది.

లార్బీకి అగాదిర్ పడవల్లో పని దొరికి, వాళ్ళు అంత దూరం దక్షిణానికి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. అక్కడి గాలి పొడి, పిల్లకి మంచిది. పంపు సంచిలో ఉంటుంది గాని తీసేది తక్కువ. ఇప్పుడు చంటివాడు చేతుల్లో ఉన్నాడు. రంజాన్ సాయంకాలాల్లో అక్కడా జనం సముద్రం ఒడ్డున పరిగెత్తుతారు, మంచి బూట్లు వేసుకుని. హనియా చంటివాణ్ణి ఎత్తుకుని చూస్తూ నిలబడుతుంది. లాగుకైనా కోరిక తీరనీ అనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ప్రతి రంజాన్ మొదటి రోజున ముబారకా ఫోనులో మాట పంపేది. దేశం మళ్ళీ నా గడియారం దగ్గరికొచ్చిందే, అని. ఈసారి రాలేదు. హనియా చేస్తే మోగదు. లల్లా షామా కూతురి దగ్గర ఉండటానికి తెతువాన్ వెళ్ళిపోయింది. ఆవిడకీ తెలీదు. సందులో ఒకరు కొట్టు మూసి ఉందన్నారు, ఇంకొకరు చెల్లెలి ఊరికి వెళ్ళిందన్నారు. చంటివాడితో అంత దూరం బస్సులో హనియా కదల్లేదు. లార్బీ సముద్రం మీద ఉన్నాడు.

ఇది చదివినవాళ్ళలో ఎవరైనా లరాష్ వైపు వెళ్తే, రేవు నుంచి పైకి వచ్చే మెట్ల సందులో మొదటి మూల దగ్గర ఆగండి. రొట్టెల పెనం వెనక పెద్ద మనిషి కనపడితే ఒక అట్టు తిని, హనియా అడిగిందని చెప్పండి. తలుపు మూసి ఉంటే గట్టిగా తట్టండి, పక్క ఇళ్ళలో అడగండి, ఆవిడ ఎక్కడుందో తెలుసుకోకుండా కదలకండి. ఆ రోజు మిట్ట మీద వచ్చిన పక్క నొప్పి ఎలా ఉందని అడగండి. కొవ్వు పట్టింది, అంతే, అని నవ్వితే నమ్మకండి. చెయ్యి పట్టుకుని, మెల్లగా, ఎన్నిసార్లు ఆగినా సరే, ఆ మిట్ట ఎక్కించి ఆసుపత్రిలో చూపించండి.